గడ్డి మిషనూ, శుభలేఖ ప్యాకింగూ, మనమూ

ఈ ఉగాది సంచిక మీ చేతికి వచ్చేసరికి మన మిడ్‌వెస్ట్‌లో మంచు కరిగి గడ్డి తలెత్తుతూ ఉంటుంది. పచ్చడి అరగకముందే పక్కింటి అమెరికన్ ముసలాయన లాన్ మోవర్ బయటికి తీస్తాడు. ఆయన్ని చూసి మనమూ తీస్తాం. ఆయనది ఒక్క గుంజుకి స్టార్టవుతుంది. మనది అవదు. పది సార్లు గుంజి, భుజం నొప్పెట్టి, దాన్ని ఓ తన్ను తన్ని, సాయంత్రానికల్లా అట్టముక్క మీద 'ఫ్రీ' అని రాసి రోడ్డు పక్కన పెట్టి, కొత్తది కొనడానికి కారు తీస్తాం. ఆ రోడ్డు పక్కన పెట్టిన మోవర్ గురించే నేను నాలుగు మాటలు రాయదలచుకున్నాను.

మన అసోసియేషన్ డైరెక్టరీ తిరగేస్తే ఇంజనీరో డాక్టరో లేని ఇల్లు వెతికి పట్టుకోవాలి. ఇంతమంది ఇంజనీర్లున్న చోట ఒక చిన్న ఇంజను దిక్కులేనిదై రోడ్డున పడడం వింత కాదూ? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న ఇంజనుకి కావలసిన కొన్ని భాగాలు కానీ ఖర్చు లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు. కొన్నిటిని చచ్చినా చేసుకోకూడదు. ఏది ఏ కోవలోదో తెలియడమే అసలు ఇంజనీరింగు. ఆ తెలివి మనలో చాలామందికి డిగ్రీతో పాటు రాలేదు. అది ఉన్నవాళ్ళని మనం 'షెడ్డులో పనిచేసేవాళ్ళు' అనుకుంటూ పెరిగాం.

ముందు ఆ మోవర్ ఎందుకు స్టార్టవలేదో చూద్దాం. చాలా మటుకు కారణం ఒక్కటే. కిందటి అక్టోబరులో టాంకులో మిగిలిన పెట్రోలుని అలాగే వదిలేస్తాం. ఇక్కడి బంకుల్లో పెట్రోలులో దాదాపు అంతటా 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతారు, అది గాలిలోని తేమను పట్టుకుంటుంది. శీతాకాలమంతా నిలవున్న పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటరులోని సూదిమొనంత రంధ్రాన్ని మూసేస్తుంది. విప్పి, సన్నటి రాగి తీగతో పొడిచి, కడిగి బిగిస్తే సరి. అయితే విప్పేటప్పుడే ఒక చిక్కు ఉంది. కార్బ్యురేటరుకీ ఇంజనుకీ నడుమ కాగితం లాంటి పల్చటి ముక్క ఒకటుంటుంది. పాతబడితే విప్పగానే చిరిగిపోతుంది. ఇక్కడివాళ్ళు గాస్కెట్ అంటారు, మన మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. నాకు రెండో మాటే ఇష్టం. రెండు లోహపు ముఖాల మధ్య కంటికి కనిపించని ఎత్తుపల్లాలను పూడ్చి, గాలి దూరకుండా, నూనె కారకుండా చూడడమే దాని పని. పేరులోనే పని ఉంది.

ఆ కాస్త ముక్కకీ ఆర్డరిస్తే దాని ధర కన్నా పోస్టు ఖర్చు ఎక్కువ. వచ్చేసరికి నాలుగైదు రోజులు. ఈలోగా గడ్డి పిక్కల దాకా పెరిగి, కాలనీ వారి నుంచి హెచ్చరిక ఉత్తరం వస్తుంది. ఇంట్లో చేసుకుంటే పట్టేది పావుగంట.

అది ఎలాగో నేను నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ కాదు. మా మేనమామ గారి ఊరు కృష్ణా కాలవకి చిట్టచివర. చివరి భూముల రైతు బాధ తెలిసినవాళ్ళకి తెలుసు. పై ఊళ్ళవాళ్ళకి సరిపోగా మిగిలితేనే నీళ్ళొస్తాయి, రాకపోతే ఆయిల్ ఇంజను పెట్టి మురుగు కాలవలోంచైనా తోడుకోవలసిందే. 1980లలో మేము సెలవులకి వెళ్ళినప్పుడు, నాట్ల రోజుల్లో ఇంజను మొరాయిస్తే మెకానిక్కు సైకిలు మీద వచ్చేవాడు. సంచీలో నాలుగు పానాలు, ఒక సుత్తి, ఒక ఆకురాయి, పాత బేరింగులోంచి తీసిన ఉక్కు బాల్సు గుప్పెడు. అంతే. వచ్చీ రాగానే "అమ్మగారూ, పాత శుభలేఖలు ఏవైనా ఉంటే ఇప్పించండమ్మా" అనేవాడు. మంచి దళసరి శుభలేఖ ఏరుకుని, వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న భాగాన్ని చించి, కళ్ళకద్దుకుని గూట్లో పెట్టి, మిగతాది పనికి తీసుకునేవాడు.

కాగితాన్ని ఇంజను ముఖం మీద పరిచి ఎడమచేత్తో కదలకుండా అదిమి, సుత్తి గుండ్రటి తలతో అంచుల వెంబడి మెల్లమెల్లగా తడుతూ పోయేవాడు. కాగితం అంచు దగ్గర తనంతట తనే తెగేది. కత్తెర లేదు, కొలత లేదు, ఇంజనే దానికి అచ్చు. బోల్టు రంధ్రం మీద ఉక్కు బాల్ పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నాణెంలా గుండ్రటి ముక్క ఊడి పడేది. దానికి రెండు వైపులా గ్రీజు పూసి, మూత బిగించి, హ్యాండిలు తిప్పితే ఇంజను దుక్ దుక్ మనేది. శుభలేఖలో వధూవరుల పేర్లు ఇంజను లోపల నాలుగైదేళ్ళు క్షేమంగా ఉండేవి!

ఇక్కడ మన మోవర్ దగ్గర ఒక తేడా గమనించాలి. ఆ ఇంజను పోత ఇనుముది, మనది అల్యూమినియంది. 1953లో మిల్వాకీకి చెందిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ అల్యూమినియం పోత ఇంజను తెచ్చింది. గడ్డి మిషను తేలికై, చవకై, ఇంటింటికీ చేరడంలో దాని పాత్ర పెద్దది. అల్యూమినియం అంచు మీద సుత్తి పడితే కాగితం కన్నా ముందు అంచే నొక్కుకుపోతుంది. కాబట్టి ముఖానికి కాస్త మసి నూనె రాసి, అట్టను బొటనవేలితో అదిమి, గుర్తు పడ్డాక చిన్న కత్తెరతో కోసుకోవాలి. శుభలేఖ దొరక్కపోతే పిల్లలు పొద్దున తినే సీరియల్ డబ్బా అట్ట చాలు. కార్బ్యురేటరు దగ్గర వేడీ తక్కువ, ఒత్తిడీ తక్కువ, ఓ సీజను నిక్షేపంగా ఆగుతుంది. ఆటో పార్టుల షాపులో అసలు గాస్కెట్ షీటు ఒకటి కొని ఉంచుకుంటే ఇంకా మంచిది, ఒక్క షీటులో చాలా ప్యాకింగులు వస్తాయి.

ఇక్కడితో ఆపేస్తే ఇది చిట్కాల శీర్షిక అవుతుంది. చిట్కా తెలిసినవాడికి మరుసటి రోజే ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతోనే ప్రమాదం. ఉదాహరణకి అదే సీరియల్ అట్టతో ఇంజను అడుగున ఉండే మూతకి, అంటే నూనె నిలిచే సంపుకి, ప్యాకింగ్ కోశామనుకోండి. చూడడానికి అదీ కాగితమే, ఇదీ కాగితమే. కానీ పాత బ్రిగ్స్ ఇంజన్లలో ఈ అడుగు ప్యాకింగుని 0.005, 0.009, 0.015 అంగుళాల మందాల్లో విడివిడిగా తయారు చేసేవారు. ఎందుకు? క్రాంక్ షాఫ్టుకి ముందుకీ వెనక్కీ కాస్త ఆట ఉండాలి, అది 0.002 నుంచి 0.008 అంగుళాల మధ్యే ఉండాలి. ఆ ఆటను సరిచేసేది ఈ కాగితం మందమే. అంటే నూనె కారకుండా చూడడంతో పాటు అది కొలబద్ద పని కూడా చేస్తోంది! అట్ట డబ్బా మందం దాదాపు అర మిల్లీమీటరు, అంటే 0.020 అంగుళాలకి అటూ ఇటూగా ఉంటుంది. కొలవకుండా అది పెడితే నూనె కారదు, ఇంజను స్టార్టవుతుంది, పనీ చేస్తుంది. షాఫ్టు మాత్రం ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఊగుతూ అరుగుతుంది. మీ పని బాగానే ఉందని మీరు అనుకుంటూనే ఉంటారు.

హెడ్ గాస్కెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ నిప్పు మండుతుంది. అట్ట పెడితే అది నిమిషాల్లో మాడి బూడిదవుతుంది. దాన్ని కొనుక్కోవలసిందే.

వీటన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించే భాగం మరొకటుంది. బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దదిగా ఉండే చిన్న లోహపు ముక్క. ఇంజను పైన తిరిగే ఫ్లై వీల్‌కీ, క్రాంక్ షాఫ్టుకీ నడుమ గాడిలో కూర్చుంటుంది. కీ అంటారు. చాలా బ్రిగ్స్ మోవర్లలో దీన్ని మెత్తటి లోహంతో చేస్తారు, ఉక్కుతో కాదు. చవగ్గా వస్తుందని అలా చేశారేమో అనుకునే ఇంజనీర్లను నేను చూశాను. కాదు. మోవర్ బ్లేడు నేరుగా క్రాంక్ షాఫ్టు కింది చివరే బిగించి ఉంటుంది. బ్లేడు రాయికో చెట్టు వేరుకో తగిలితే షాఫ్టు ఠక్కున ఆగుతుంది. పైన బరువైన ఫ్లై వీల్ మాత్రం ఆ వేగంతోనే తిరగాలని చూస్తుంది. ఆ క్షణంలో ఎవరో ఒకరు తెగిపోవాలి. ఆ తెగిపోయేది నేనేనని ముందుగా ఒప్పుకుని కూర్చున్నదే ఈ కీ. అది తెగి, వందల డాలర్ల షాఫ్టునీ ఫ్లై వీల్‌నీ కాపాడుతుంది.

కీ సగం తెగితే ఫ్లై వీల్ మీది అయస్కాంతం రవ్వంత పక్కకి జరుగుతుంది, ప్లగ్గులో నిప్పురవ్వ వేళ తప్పుతుంది. తాడు గుంజితే వెనక్కి లాగేసుకుని చెయ్యి అదరగొడుతుంది. ఇప్పుడు మన ఇంట్లోని తెలివైన మనిషి ఏం చేస్తాడు? "ఇంత మెత్తటి ముక్క పెట్టారేమిటి" అని ఓ ఉక్కు మేకుని తెగ్గోసి, ఆకురాయితో రాసి, గాడిలో చక్కగా కూర్చోబెడతాడు. చూడముచ్చటగా ఉంటుంది. ఖర్చు సున్నా. మళ్ళీ రాయి తగిలిన రోజున మేకు తెగదు, దాని బదులు షాఫ్టు గాడి చీలుతుంది. మేకు కన్నా ఆ కీ మెత్తనిదని కంటికి తెలుస్తుంది. ఎందుకు మెత్తనిదో ఎవరైనా చెబితేనే, లేదా కూర్చుని ఆలోచిస్తేనే తెలుస్తుంది. బలమైన భాగమే మంచి భాగం అనుకునేవాడు ఇంజను జోలికి పోకపోవడం మంచిది.

మా ఆవిడ డాక్టరు. నేను గరాజిలో ఏం చేసినా పట్టించుకోదు గానీ రెండు విషయాల్లో మాత్రం వీటో ఉంది. మొదటిది పెట్రోలు గొట్టం. చేపల తొట్టెకి వాడే ప్లాస్టిక్ గొట్టం సరిగ్గా అదే సైజులో ఉంటుంది, గజం డాలరు లోపే. కొన్నాళ్ళకి పెట్రోలు తగిలి అది గట్టిపడుతుంది, పగులుతుంది, వేడి సైలెన్సరు మీద చుక్కలు రాలుతాయి. మిగతా కథ చెప్పక్కర్లేదు. రెండోది బ్లేడు. మన ఊళ్ళలో కమ్మరి లారీ కమాను పట్టీలతో కొడవళ్ళు, కత్తులు చేస్తాడు, అవి తరాలు ఆగుతాయి. అదే ఉక్కుతో మోవర్ బ్లేడు చేద్దామని సరదా పుట్టడం సహజం. లెక్క వేసి చూడండి. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకి 185 మైళ్ళ పైమాటే. అంత వేగంలో రాయి తగిలితే బ్లేడు వంగాలి గాని పగలకూడదు. గట్టిగా పదును పెట్టిన స్ప్రింగు ఉక్కు పగులుతుంది. ముక్క ఎవరి కాలికి తగులుతుందో చెప్పలేం. హ్యాండిలు వదిలితే 3 సెకన్లలో బ్లేడు ఆగి తీరాలని ఈ దేశంలో 1982 నుంచి నిబంధన ఉంది. దానికోసం పెట్టిన బ్రేకు తీగని "ఊరికే అడ్డం" అని తీగ చుట్టి కట్టేసేవాళ్ళు మనలో లేకపోలేదు. అది పొదుపు కాదు, సాహసం అంతకన్నా కాదు.

ఇప్పుడు మీలో లెక్కల మనుషులు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "మీ గంట జీతమెంత? కొత్త కార్బ్యురేటరే చైనాది పదిహేను, ఇరవై డాలర్లకి ఇంటికొస్తుంటే, ఆదివారం పొద్దుటంతా అట్టలు కత్తిరించుకుంటూ కూర్చోవడం ఏమిటండీ?" సమంజసమైన ప్రశ్నే. దొరికే భాగాన్ని కొనుక్కోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నేనూ కొంటాను. కానీ దొరకడం అన్నది మన చేతిలో లేదు. మన ఊళ్ళలో మంచు తోసే మిషన్లకి ఎక్కువగా ఉండే ఇంజను టెకమ్సే కంపెనీది. 2008లో ఆ కంపెనీ ఇంజన్ల తయారీ ఆపేసింది. మిషన్లు మాత్రం ఇప్పటికీ గరాజుల్లో ఉన్నాయి, జనవరిలో వాటికి విడిభాగాలు వెతుక్కోవడం ఓ యాత్ర. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అంతటిది 2020లో దివాలా పిటిషను వేసి చేతులు మారింది. హోండా 2023తో అమెరికాలో పెట్రోలు మోవర్లు చేయడం మానేసింది. కాలిఫోర్నియా చిన్న ఇంజన్ల అమ్మకాన్ని ఆపించే చట్టాన్ని 2021లోనే చేసింది. బ్యాటరీ మోవర్ల కాలం వస్తోంది, రానివ్వండి, చప్పుడూ పొగా తగ్గుతాయి. కానీ ఉన్న కోట్ల ఇంజన్లు ఒక్క రోజున ఆవిరైపోవు. తయారు చేసినవాడు వెళ్ళిపోయాక వాటిని నడిపించేది చెయ్యి తిరిగినవాడే.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మా మేనమామ గారి ఇంజను శుభలేఖతోనూ, లేతు షాపులో తీసిన గన్‌మెటల్ బుష్‌తోనూ ఇరవై ఏళ్ళు నడిచిందంటే అది మెకానిక్కు గొప్పతనం ఒక్కటే కాదు, ఇంజను గొప్పతనం కూడా. ఆ తరహా ఇంజనుకి మూలం 1930 ప్రాంతంలో ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ చేసినది. పెద్ద పెద్ద ఇనప చక్రాలు, నిమిషానికి 650 చుట్లు. రాజ్‌కోట్‌లో దాన్ని చూసి వేల కొద్దీ పోతపోశారు. అంత నింపాదిగా తిరిగే ఇంజను మనిషి చేతి తప్పును క్షమిస్తుంది. మూడు వేల చుట్లు తిరిగేది క్షమించదు. "మా ఊళ్ళో అలాగే చేసేవాళ్ళం" అనే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఆ మెకానిక్కుకి ఇది తెలుసు. అదే మనిషి స్కూటరు ఇంజను విప్పినప్పుడు శుభలేఖ అడిగేవాడు కాదు, టౌనుకి మనిషిని పంపి కంపెనీ ప్యాకింగే తెప్పించేవాడు. ఆయన ఎంతవరకు చదివాడో నాకు తెలియదు గానీ ఎక్కడ ఆగాలో మాత్రం తెలుసు.

మరి మనకేం నేర్పారు? ఇంజనీరింగు మొదటి సంవత్సరం వర్క్‌షాపు అందరికీ గుర్తుండే ఉంటుంది. ఫిట్టింగ్ సెక్షనులో చతురపు ఇనప ముక్క ఇచ్చి, ఆకురాయితో రాసి, రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి వెలుతురు కనిపించకుండా కూర్చునేలా చేయమనేవారు. వి-ఫిట్, స్క్వేర్ ఫిట్. అరచేతులు బొబ్బలెక్కేవి. మా బ్యాచ్‌లో సగం మంది సీనియర్ల దగ్గర తయారైన ముక్కలు కొనుక్కుని సబ్మిట్ చేశారు. మార్కులు అందరికీ ఒకలాగే వచ్చాయి. ఆ సెక్షనులో ఆకురాయి ఎలా పట్టుకోవాలో నిజంగా తెలిసిన వ్యక్తి ఒక్కడే, అక్కడి ఇన్‌స్ట్రక్టరు. ఐటిఐ చదివినాయన. ఆయన్ని 'సార్' అని పిలిచినవాళ్ళు తక్కువ.

దీనికి మూలం ఇంకా వెనక ఉంది. మార్కులు తగ్గితే మన ఇళ్ళలో బెదిరింపు ఏమిటి? "చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా." "సైకిలు షాపులో పెడతా, పంక్చర్లేసుకుంటూ బతుకు." ఈ మాట వినకుండా పెరిగిన తెలుగువాడు ఉన్నాడంటే నమ్మను. ఇంజనీరు కావాలని కొడుకుని వేలకి వేలు పోసి చదివిస్తాం, ఇంజను ముట్టుకునేవాడిని మాత్రం శిక్షకి ఉదాహరణగా చూపిస్తాం. చేతికి మసి అంటే పని ఫలానా కులాలవాళ్ళది, ఫలానా మతంవాళ్ళది అన్న భావం ఆ బెదిరింపు వెనక ఉందని మనందరికీ తెలుసు. మాటల్లో అనం, అంతే. విజయవాడ ఆటోనగర్‌లో లారీని చాసిస్ దాకా విప్పి మళ్ళీ నిలబెట్టే పనివాళ్ళున్నారు. వాళ్ళ పిల్లల్ని మాత్రం వాళ్ళు కూడా ఇంజనీరింగు కాలేజీకే పంపాలనుకుంటారు. గౌరవం అక్కడే ఉందని మనమే వాళ్ళకి నేర్పాం.

తెలుగువాళ్ళలో దీనికి ఎదురు నిలిచిన మనిషి లేకపోలేదు. కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారికి బడి చదువు పెద్దగా అబ్బలేదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక రడ్జ్ మోటారు సైకిలుని చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. కొన్నాక నడపడంతో ఆగలేదు, ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి, అలాగే యంత్రాలు నేర్చుకున్నారు. 1937లో మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటార్ల వెనక ఆయన చెయ్యి ఉంది. ఇంజనీరింగు కోర్సుకి నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలు అని వాదించారు కూడా. ఆ వాదం నేను పూర్తిగా ఒప్పుకోను, గణితం లేకుండా 3,000 చుట్ల లెక్క తేలదు. కానీ ఆయన అడిగిన ప్రశ్నకి, అంటే విప్పి చూడకుండా ఏం చదివినట్టు అన్నదానికి, మన కాలేజీలు ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

మన పిల్లల విషయానికొస్తే, వాళ్ళకి తెలివికి తక్కువ లేదు. రోబోటిక్స్ పోటీలకి వెళుతున్నారు, కప్పులు తెస్తున్నారు, సంతోషం. అయితే ఆ పెట్టెల్లో అన్ని ముక్కలూ ముందే సరిపోయేలా వస్తాయి. సరిపోని ముక్కని సరిపెట్టడం, లేని ముక్కని పుట్టించడం, ఈ ముక్కని నేను చేయకూడదు అని వెనక్కి తగ్గడం, ఈ మూడూ పెట్టెలో రావు. పాడైన మోవర్ దగ్గర వస్తాయి. పదేళ్ళ పిల్లకి కార్బ్యురేటరు ప్యాకింగు కోసే పని ఇచ్చి చూడండి. మొదటిది వంకరగా వస్తుంది, మూడోది చక్కగా కూర్చుంటుంది. ప్లగ్గు కొసల మధ్య ఎడం 0.030 అంగుళాలని చెప్పి, కొలిచే రేకు చేతికివ్వండి. ఇగ్నిషన్ కాయిల్‌కీ ఫ్లై వీల్‌కీ మధ్య విజిటింగు కార్డు దూర్చి బిగించమనండి, ఆ ఎడం దాదాపు సరిగ్గా కుదురుతుంది. ఇన్నాళ్ళూ మనం అచ్చువేయించుకున్న కార్డులకి అదొక సద్వినియోగం.

అందుకని కార్యవర్గం వారికి రెండు ప్రతిపాదనలు. ఒకటి చిన్నది. వచ్చే వేసవి పిక్నిక్‌లో క్రికెట్టు, పేకాట, బిర్యానీతో పాటు ఒక బల్ల మరమ్మతులకి కేటాయించండి. రోడ్డున పెట్టబోయే మోవర్లు అక్కడికి తెండి. పనిముట్లు నేను తెస్తాను. పిల్లలు విప్పుతారు, పెద్దలు పక్కన ఉండి చూస్తారు. ముందుగా ప్లగ్గు తీగ ఊడదీసిన తర్వాతే ఎవరైనా చెయ్యి పెట్టాలి, ఆ ఒక్క నియమం మీద బేరం లేదు.

రెండోది కాస్త పెద్దది, కొందరికి నచ్చకపోవచ్చు. మనం ఏటా తెలుగు రాష్ట్రాల్లోని పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం. అన్నీ ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లు వచ్చినవాళ్ళకే. ఐటిఐలో ఫిట్టర్, టర్నర్ కోర్సులు చదివే కుర్రవాడికి ఇంతవరకు ఒక్కటీ ఇవ్వలేదు. ఆ కోర్సులు రెండేళ్ళు, ఇంజనీరింగు నాలుగేళ్ళు. ఒక ఇంజనీరింగు విద్యార్థికి నాలుగేళ్ళు ఇచ్చే డబ్బుతో కనీసం ఇద్దరు ఫిట్టర్లు బయటికి వస్తారు. ఊరికి కంప్యూటర్లు ఇచ్చాం, మంచినీళ్ళ ప్లాంటు ఇచ్చాం, గుడికి గోపురం కట్టించాం. ఒక లేతు మిషను ఇచ్చామా? "ఐటిఐ వాళ్ళకిస్తే మన దాతలు ముందుకి రారండీ" అని కిందటేడు ఒక పెద్దమనిషి నాతో అన్నారు. నిజమే అయ్యుండవచ్చు. దాతల్ని నేను వెతుకుతాను, మొదటి చెక్కు నాదే. తీర్మానం మాత్రం మీరు ఈసారి జనరల్ బాడీలో పెట్టండి, వ్యతిరేకించేవాళ్ళు అక్కడే లేచి నిలబడి కారణం చెప్పనివ్వండి.

పిక్నిక్‌కి మోవర్లు తెచ్చేవాళ్ళు టాంకులో పెట్రోలు ఖాళీ చేసి తీసుకురండి. కారు డిక్కీలో ఒలికితే ఆ వాసన దీపావళి దాకా పోదు. ఇంట్లో పాత శుభలేఖలుంటే అవి కూడా తెండి, దళసరివి.